వెనకవైపు కుట్టిన పేరు

మొన్న దుబాయ్‌లో అమ్మాయి దగ్గర నెల్లాళ్ళుండి తిరిగొస్తూ ఎయిర్‌పోర్టులో కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పులని అమ్మాయి వీల్‌చైర్ పెట్టించింది, వద్దంటే వింటేగా, దాంతో అందరికంటే రెండు గంటలు ముందే నన్ను గేటు దగ్గర దింపేసి పోయారు. చేసేదేముంది, ఎదురుగా ఉన్న విమానాల బోర్డు చదువుకుంటూ కూర్చున్నాను. హైదరాబాద్, కొచ్చి, మస్కట్, ఆ వరసలోనే టెల్ అవీవ్ అని కనపడింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. టెల్ అవీవే! పిల్లల్ని వెంటేసుకుని, డ్యూటీఫ్రీ సంచులు ఊపుకుంటూ జనం ఆ గేటుకేసి హాయిగా నడిచిపోతున్నారు. నా ఈడువాళ్ళు, అప్పట్లో గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి తెలుస్తుంది, ఆ దేశం పేరు ఎత్తాలంటే అటూ ఇటూ చూసుకుని గొంతు తగ్గించేవాళ్ళం కదూ! నేను మాత్రం ఆ బోర్డు మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. ఎందుకంటే ఒక గుడ్డముక్క మీద నేను కుట్టిన పేరు వల్ల, పచ్చగా కాపురం చేసుకుంటున్న మొగుడూ పెళ్ళాలిద్దరూ రెండు వేరువేరు విమానాలెక్కి వెళ్ళిపోయారు, అది కూడా ఈ ఎయిర్‌పోర్టు నుంచే.

మేం షార్జాలో పదకొండేళ్ళున్నాం. మావారు దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో ఒక గోడౌన్లో స్టోర్స్ చూసేవారు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే షార్జా ట్రాఫిక్ దాటి మళ్ళీ ఇంటికొచ్చేసరికి మనిషి పిప్పయిపోయేవారు. పగలంతా నాకు పలకరించే దిక్కుండేది కాదు. అలాంటి రోజుల్లో ఎదురు ఫ్లాట్‌లోకి పాలస్తీనా వాళ్ళు దిగారు. వాళ్ళలో ఆడవాళ్ళని పేరు పెట్టి పిలవరు, పెద్ద కొడుకు పేరు పెట్టి ఫలానా వాళ్ళమ్మ అంటారు, ఈవిడ కొడుకు ఖాలిద్ జర్మనీలో చదువుకుంటున్నాడు గనక ఉమ్ ఖాలిద్ అయింది. మన గోదావరి జిల్లాల్లో కూడా ఇంతే కదా, బుజ్జి వాళ్ళమ్మగానే బతికి, బుజ్జి వాళ్ళమ్మగానే వెళ్ళిపోయినవాళ్ళని ఎందరిని చూశాను! ఆ ఒక్క ముక్కతోనే ఆవిడ నాకు నచ్చేసింది. ఆవిడకొచ్చిన హిందీ, నాకొచ్చిన అరబ్బీ, ఇద్దరికీ రాని ఇంగ్లీషు కలిపి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడ వేయించిన కాలీఫ్లవర్ మా ఇంటికొచ్చేది, నా పులిహోర వాళ్ళింటికి వెళ్ళేది, అంత పులుపు ఎలా తింటారో అని ఆవిడ మొహం వికారంగా పెట్టి, గిన్నె మాత్రం ఖాళీ చేసి పంపేది.

మా ఇద్దర్నీ కట్టిపడేసింది మాత్రం సూదీ దారమే. నాది నరసాపురం పక్క పల్లెటూరు. మా అమ్మ, మేనత్తలు, వీధిలో ఆడవాళ్ళంతా అరుగుల మీద కూర్చుని లేసు అల్లేవాళ్ళు, నాకు తల దువ్వుకోవడం కంటే ముందు లేసు సూది పట్టుకోవడం వచ్చింది. ఉమ్ ఖాలిద్ నల్లగుడ్డ మీద ఎర్రదారంతో చిన్న చిన్న ఇంటూ మార్కుల్లాంటి కుట్లు వేసి పూలూ చెట్లూ నక్షత్రాలూ తీసేది, అది వాళ్ళ అమ్మమ్మల నాటి పనితనమట. ఆవిడ కుట్టు చూసి నేను, నా అల్లిక చూసి ఆవిడ ముక్కున వేలేసుకునేవాళ్ళం.

ఒకరోజు, అది రెండువేల పదహారు ప్రాంతం అనుకుంటాను, ఆవిడ అరచేతి వెడల్పు నల్లగుడ్డ ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టి, దీని చుట్టూ నీ తెల్ల లేసు కావాలి అంది. ఎవరికని అడిగితే తలుపు గడియ పెట్టొచ్చి మరీ చెప్పింది. వాళ్ళక్క పాలస్తీనాలోనే కొండలవైపు, పుట్టింటి ఊళ్ళో ఉంటుంది. ఆవిడకి ఇరవయ్యేళ్ళ కూతురు. డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే ఎక్కడినుంచో సైనికుడి తూటా వచ్చి తగిలి అక్కడికక్కడే పోయింది. ఆ తల్లి రెండేళ్ళు మంచం దిగలేదు. ఆ తర్వాత ఎవరో చెప్పారని నెలకోసారి ఒక పల్లెలో బడి గదికి వెళ్ళడం మొదలుపెట్టిందట, ఇంట్లో వాళ్ళకి వైద్యానికని చెప్పి. అక్కడికి బిడ్డలు పోయిన తల్లులు వస్తారు. ఇటువైపు వాళ్ళూ, అటువైపు యూదు తల్లులూ.

నేను సూది కింద పడేశాను. ఏమిటీ, కడుపుకోత పెట్టినవాళ్ళ పక్కన వెళ్ళి కూర్చుంటోందా మీ అక్క? నాకు ఒళ్ళు మండిపోయింది, నా బిడ్డకే జరిగినట్టు. ఉమ్ ఖాలిద్ నన్ను అరవనిచ్చి, అయ్యాక నిదానంగా చెప్పింది. అక్క పక్కన కూర్చునే ఆవిడ కొడుకు కాలేజీకి బస్సులో వెళుతుంటే బాంబు పేలి పోయాడట. అక్కడ ఎవరు చంపారని ఎవరూ ఎవర్నీ అడగరట. మొదటి సంవత్సరమంతా పోయిన పిల్లలు ఏం ఇష్టంగా తినేవాళ్ళో అదొక్కటే చెప్పుకున్నారట. ఇప్పుడు తల్లికొక ముక్క చొప్పున కుట్టి, అన్నీ కలిపి ఒక పెద్ద దుప్పటి చేసి, అందరూ చూసేలా ఆరుబయట తాడు మీద వేలాడదీసి, ఇంకొక బిడ్డని ఇందులో చేర్చకండి అని రెండువైపుల వాళ్ళనీ అడుగుతారట. దానికొకటే కట్టుబాటు. పేరు ఉండకూడదు, అక్షరం ఉండకూడదు, జెండా ఉండకూడదు. ఏ ముక్క ఏ వైపు బిడ్డదో చూసేవాళ్ళకి తెలియకూడదు. అక్కకి చేతులు వణుకుతాయి గనక ఆ ముక్క చెల్లెలు కుడుతోంది. ఇదంతా విని, కింద పడేసిన సూది వెతికి తీసుకున్నాను.

సాయంత్రం మావారితో చెబితే తింటున్న చెయ్యి ఆపేశారు. ఆ దేశంతో ఏ రకమైన పొత్తూ పెట్టుకోకూడదని అప్పటి చట్టం మరి. "పొట్ట చేతపట్టుకుని వచ్చాం. ఇలాంటివాటిల్లో వేలు పెట్టకే తల్లీ, నీకు దణ్ణం పెడతాను" అన్నారు. లేసు అల్లితే పోలీసులొస్తారా అని నేను కస్సుమన్నాను.

వారం రోజులు అల్లాను. నరసాపురం నుంచి తెచ్చుకున్న దారపు ఉండ పెట్టెలో దాచుకున్నది తీసి, మా మేనత్త నేర్పిన జాజిమొగ్గ అల్లిక వేశాను. అయిపోయాక ఆ ముక్క చూస్తే నాకేదో వెలితిగా అనిపించింది. మన ఇళ్ళల్లో అలవాటు తెలుసు కదా, గ్లాసు కొన్నా బిందె కొన్నా పేరు కొట్టించకుండా ఇంటికి తేము, పెళ్ళిలో చదివించిన చెంబు మీద మేనమామ పేరు, పోయినవాళ్ళ జ్ఞాపకార్థం గుళ్ళో కట్టించిన బల్ల మీద ఇంటిపేరుతో సహా ఊరి పేరు. పేరు లేకుండా ఇచ్చింది ఇచ్చినట్టే లెక్క కాదు మనకి. ఆ పిల్ల పేరు ఎక్కడా లేకుండా ఆ గుడ్డ వెళ్ళిపోతుందంటే నా ప్రాణం ఒప్పుకోలేదు. కట్టుబాటు పై వైపుకి కదా, చెంబు అడుగున కొట్టించినట్టు వెనకవైపు కుడితే ఎవరు చూస్తారు అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. సన్నటి తెల్ల దారంతో ఇంగ్లీషులో ఆ పిల్ల పేరు, దాని కింద పిన్నిగారైన ఉమ్ ఖాలిద్ సొంత పేరు, వాళ్ళ తలుపు మీద పలకలో ఉన్న ఇంటిపేరుతో సహా, ఆ పక్కన షార్జా. ముత్యాల్లాంటి అక్షరాలు. ఎప్పుడైనా చూసుకుని ఆశ్చర్యపోతుందిలే అని మురిసిపోతూ, మడిచి ఇచ్చేశాను. అమ్మాన్ వెళ్ళే బంధువు ఎవరి చేతో ఆవిడ దాన్ని అక్కకి పంపించింది.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున్న నాతూర్ మంచినీళ్ళ బాటిల్ ఇవ్వడానికొచ్చాడు. నాతూరంటే మా బిల్డింగు వాచ్‌మన్, నిజామాబాద్ వైపు మనిషి, నన్ను అమ్మా అనేవాడు. బాటిల్ దించి, వెళ్ళకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అమ్మా, మీకెరుకలేదా? ఎదురు మేడమోల్లు ఇల్లు ఖాళీ జేస్తున్నరు. సారుకు వీజా రిన్యూ జెయ్యనన్నడంట ఆఫీసుల ముదీరు. ఏందో బట్ట ఎన్కల పేరు కుట్టి పంపిండ్రంట, గా ఫోటో ఫోన్లల్ల తిరిగిందంట. గంతే, ఖలాస్."

ఏ బట్ట అని అతన్నే రెండుసార్లు అడిగాను. గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాను. పాపం అతను కంగారుపడి ఆ బాటిల్లో నీళ్ళే గ్లాసులో పోసి తెచ్చాడు.

తాడు మీద వేలాడదీసిన దుప్పటికి వెనకవైపు కూడా ఉంటుందన్న సంగతి, అటువైపు నుంచి కూడా మనుషులు చూస్తారన్న సంగతి నా బుర్రకి తట్టనే లేదు! ఎవరో వెనకనుంచి ఫోటో తీశారు. అంత పెద్ద దుప్పటిలో పేరున్న ముక్క ఒక్కటే, నాది. అది ఫేస్‌బుక్‌లోకెక్కి, అక్క ఊరు చేరి, అక్కడినుంచి ఉమ్ ఖాలిద్ భర్త ఆఫీసుకి చేరింది. అక్కని వీధిలో వాళ్ళంతా వెలేశారు, కొడుకే ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. బస్సులో కొడుకు పోయిన ఆ యూదు తల్లి అక్కని ఓదార్చడానికి ఫోన్ చేసిందట, శత్రువుల పక్కన కూర్చుంటుందని ఆవిడ తలుపు మీద కూడా వాళ్ళవాళ్ళే బూతులు రాశారట.

ఇక వీళ్ళ సంగతి. వీజా పోతే మనలాగా సామాను సర్దుకుని ఊరెళ్ళిపోవడమే కదా అనుకుంటారు మీరు. నేనూ అదే అనుకున్నాను. ఆయనది గాజా, ఆవిడది కొండల వైపు. ఆ రెంటికీ మధ్య దారి మన నరసాపురం నుంచి రాజమండ్రి వెళ్ళినంత. కానీ ఆయన ఆవిడ ఊరెళ్ళడానికి వీల్లేదు, ఆవిడ ఆయన ఊరెళ్ళడానికి వీల్లేదు, ఆ అనుమతులు రావట. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండడానికి వాళ్ళకి లోకంలో దొరికిన చోటు ఆ షార్జా ఫ్లాటొక్కటే. అది నేను పోగొట్టాను.

నేనే కుట్టాను, వాళ్ళకేం తెలియదు అని ఆ ముదీరు, అదే వాళ్ళ మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పాలి కదా. చెప్పలేదు. మావారు తలుపేసి, "నోరెత్తావంటే మన వీజా కూడా పోతుంది, అమ్మాయి పరీక్షలున్నాయి, కాస్త ఆలోచించు" అన్నారు. ఆయన్ని అనడం దేనికి, నాకూ అదే కావాలి, ఎవరో ఒకరు వద్దనాలి. పదిరోజులు ఎదురింటి తలుపు చప్పుడైతే వంటింట్లోకి పారిపోయాను. లోకంలో అన్యాయాలన్నిటి మీదా కస్సుమనే నేను అలా దాక్కున్నానంటే, ఇప్పటికీ తలుచుకుంటే ఆ మనిషిని నేనేనా అనిపిస్తుంది.

వెళ్ళే రోజు మధ్యాహ్నం ఉండబట్టలేక వెళ్ళాను. ఇల్లంతా ఖాళీ, ఆవిడ నేలమీద కూర్చుని సూట్‌కేసు జిప్పుతో కుస్తీ పడుతోంది. గుమ్మంలోనే ఏడుపు ముంచుకొచ్చింది, నేనే కుట్టాను, నేనే, అని తెలుగులోనే అరిచేశాను. ఆవిడకి భాష రాకపోయినా అర్థమైపోయింది. లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"హబీబ్తీ, పంపేముందు ఇస్త్రీ ఎవరు చేశారనుకున్నావు? నేనే. చూశాను. విప్పేద్దామని కత్తెర కూడా తీశాను. పిల్ల పేరు ఎక్కడో ఒకచోట ఉండాలనిపించింది, విప్పలేకపోయాను."

అంటే ఆవిడకి ముందే తెలుసు. తెలిసి కూడా పది రోజులూ ఆవిడ ఎవరి దగ్గరా నా పేరెత్తలేదు. నాకు కోపం రావాలో, ఊరట కలగాలో తెలియలేదు, రెండూ కలిగాయి, ఆ ఊరట కలిగినందుకు సిగ్గేసింది కూడా. ఆ సాయంత్రమే ఆవిడ అమ్మాన్ విమానమెక్కింది. ఆయన కైరో వెళ్ళి, సరిహద్దు గేటు తెరిచేదాకా వారాలపాటు పడిగాపులు పడి, గాజాలో ముసలి తల్లి దగ్గరికి చేరాడు. కొన్నేళ్ళపాటు మేం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం. అక్క ఆ బడి గదికి వెళ్ళడం మానలేదని, ఈసారి ఇంట్లో చెప్పే వెళుతోందని, రోజూ సాయంత్రం తను ఆయనతో వీడియోలో మాట్లాడుతూ ఇద్దరూ ఒకే వేళకి టీ తాగుతామని చెప్పేది.

ఆ తర్వాత కాలం ఎంత మారిపోయిందంటే నాలాంటిదానికి తల తిరిగిపోతోంది. ఈ దేశం పెద్దలూ ఆ దేశం పెద్దలూ చేతులు కలుపుకున్నారు, రాకపోకలు మొదలయ్యాయి, ఏ మాట అంటే ఉద్యోగాలు పోయేవో ఆ మాట ఇప్పుడు టికెట్ల మీద అచ్చేసి అమ్ముతున్నారు. దానికి నేను సంతోషించాలేమో. కానీ అరచేతి గుడ్డ ముక్కతో అదే పని ముందుగా మొదలుపెట్టిన ఆ తల్లుల్ని, వెలేసినందుకు క్షమించమని అడిగినవాళ్ళెవరూ లేరు. అటు గాజాలో ఇళ్ళకి ఇళ్ళు కూలిపోతుంటే టీవీలో నేను ఆయన వీధి వెతుకుతూ కూర్చుంటున్నాను, ఏ వీధో నాకెలా తెలుస్తుంది! ఆవిడ నెంబరు నా ఫోన్లో అలాగే ఉంది. ఆ నెంబరు పక్కన బొమ్మలో మొగుడూ పెళ్ళాలిద్దరూ షార్జా కార్నిష్‌లో నీళ్ళ ఒడ్డున బెంచీ మీద కూర్చుని నవ్వుతూ ఉంటారు. పండక్కి ఈద్ ముబారక్ అని పెడితే ఆవిడ కూడా పెడుతుంది, అంతే, ఒక్క ముక్క ఎక్కువ రాయదు. సాయంత్రాలు ఇంకా ఇద్దరూ టీ తాగుతున్నారా అని అడగాలని ఎన్నోసార్లు ఫోన్ తీశాను. అడిగే ధైర్యం నాకు లేదు.