సంచి లేని పెద్దమనిషి

కోదండరామయ్య ప్రయాణానికి సంచి పట్టుకెళ్ళడు. ఏలూరులో బీమా ఏజెంటుగా ఇరవై ఏళ్ళు తిరిగి ఆయన సంపాదించిన పేరేదైనా ఉందంటే ఇదొక్కటే. తాడేపల్లిగూడెమైనా సరే, జంగారెడ్డిగూడెమైనా సరే, చంకలో గొడుగు, జేబులో కలం, నాలుగు కాగితాలు, అంతే. "ప్రయాణమంటే చేతులూపుకుంటూ వెళ్ళాలండీ! పెళ్ళివారిలా ఈ మూటలేమిటి?" అని బస్సులో పక్కవాళ్ళకి ధర్మపన్నాలు వల్లించేవాడు. వాళ్ళు తమ ట్రంకుపెట్టెల వంక సిగ్గుపడుతూ చూసుకునేవారు.

ఆ తేలికతనం అసలు సంగతి భార్య రత్నమాణిక్యానికి తెలుసు. ఆయన తువ్వాలు పట్టుకెళ్ళకపోతే ఒళ్ళు తడిగా ఉండిపోతుందా? ఎవరిదో తువ్వాలు తడుస్తుంది. ఎవరిదో సబ్బు అరుగుతుంది, ఎవరిదో పళ్ళపొడి సీసా ఖాళీ అవుతుంది. దువ్వెనలో నెరిసిన వెంట్రుకలు మాత్రం ఇంటివాళ్ళకి మిగులుతాయి. దెందులూరులో ఒక మోతుబరి ఇంట్లో ఈయన గొడుగు వీధి మలుపులో కనబడగానే కోడలు సబ్బు తీసి బియ్యం డబ్బాలో దాచేస్తుందట. ఆ పూట అన్నం గంధం వాసనేసినా ఎవరూ నోరెత్తరట. ఈ ముచ్చట ఎవరో నవ్వుతూ చెబితే రత్నమాణిక్యం నవ్వలేదు. పదహారేళ్ళ కాపురంలో ఆయన మీద కోపం ఎప్పుడో అరిగిపోయింది. మిగిలింది ఏవగింపే.

ఆ ఏవగింపుకి మూలం కొల్లేటి లంకలో ఉంది. అక్కడ ఆవిడ చెల్లెలు సత్యవేణిని సూర్రావు అనే చేపల వ్యాపారికిచ్చారు. ఎనిమిదేళ్ళ కిందట ఆ ఇంటికి వెళ్ళినప్పుడు కోదండరామయ్య సూర్రావు తండ్రి క్షవరం కత్తితో గెడ్డం గీసుకుని, తుడవకుండా నులకమంచం మీద పారేశాడు. చూసుకోకుండా కూర్చున్న పెద్దాయన తొడ తెగింది. "ఈ మనిషి మళ్ళీ మన గడప తొక్కకూడదు" అన్నాడాయన. ఆ మాటతో రత్నమాణిక్యానికి చెల్లెలి గడప కూడా పోయింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, ఆ పెద్దాయన పోయాక, సత్యవేణి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. పెళ్ళయిన పదేళ్ళకి ఆడపిల్ల పుట్టింది. "ఇరవై ఒకటోనాడు బారసాల. పిల్లకి నీ చేత్తోనే నీళ్ళు పోసి ఉయ్యాల్లో వెయ్యాలక్కా. బావగారిని కూడా తీసుకురా, లేకపోతే బాగోదు. కాస్త చూసుకో." ఆ చివరి రెండు మాటలు రత్నమాణిక్యం గుండెలో ముల్లులా దిగాయి. ఈసారి గడప దక్కితే దక్కినట్టు, లేకపోతే ఇంక ఈ జన్మకి లేనట్టే.

అందుకని ఆయన చూడకుండా చిన్న గుడ్డసంచి సర్దింది. రెండు తువ్వాళ్ళు, కొత్త సబ్బుబిళ్ళ, పొట్లం కట్టిన పళ్ళపొడి, దువ్వెన, గుడ్డ బిరడా పెట్టిన కొబ్బరినూనె సీసా. ఇంటి తాళంచెవి నీళ్ళల్లో జారిపోతుందేమోనని ఒక తువ్వాలు కొసకి ముడేసి అడుగున పెట్టింది. అంతా కలిపితే గుమ్మడికాయంత లేదు.

రేవు దగ్గర దోనె ఎక్కబోతూ ఆయన దాన్ని పట్టుకున్నాడు.

"ఏమిటే ఇది? నా పరువు తియ్యడానికి తెచ్చావా? తాటిదోనె అంటే ఏమనుకున్నావు? తాటిచెట్టు తొలిచి చేసింది. దాన్లో బరువు పనికిరాదు!"

"ఆయ్, దీనికేం బరువండి బాబుగారూ! నిన్న రెండు బస్తాల ధాన్యం దాటించానండి," అన్నాడు దోనె నడిపే నూకరాజు.

"నీకు తెలీదులే," అని ఆయన సంచి తీసుకెళ్ళి గట్టు మీది కాఫీ హోటల్లో పడేసి వచ్చాడు. తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకోవచ్చట. తాళంచెవి మాట రత్నమాణిక్యం నోటిదాకా వచ్చింది. చెబితే అదొక్కటీ విప్పి జేబులో వేసుకుంటాడు, అంతకుమించి ఒరిగేదేమీ లేదు. మారుచీర చంకలో పెట్టుకుని దోనె ఎక్కింది.

ఆ రాత్రికి సూర్రావు తువ్వాలు, సూర్రావు పంచె, సూర్రావు దిండు ఆయనవే అయ్యాయి. చూసీ చూడనట్టు ఊరుకున్నారు. తెల్లవారితే బారసాల. సత్యవేణి పెసలూ పసుపూ మెత్తగా విసిరించిన సున్నిపిండి గిన్నె, పిల్ల ఒళ్ళు తుడవడానికి బందరు నుంచి తెప్పించిన మెత్తటి కొత్త తువ్వాలు, స్నానాలకి కట్టిన తాటాకు దడి వెనక పీట మీద సిద్ధం చేసి పెట్టింది.

ఎప్పుడూ ఎండెక్కితే గానీ లేవని మహానుభావుడు ఆవేళ అందరికంటే ముందు లేచాడు.

పిల్లని ఎత్తుకుని సత్యవేణి దడి దగ్గరికి వచ్చేసరికి ఆయన లోపల్నుంచి పచ్చగా మెరిసిపోతూ బయటికి వస్తున్నాడు. గిన్నె ఊడ్చేసి ఉంది. ఆ కొత్త తువ్వాలు కొసతో చెవులు తిప్పి తిప్పి తుడుచుకుంటున్నాడు.

"పెసర సున్నిపిండి! మీ చెల్లెలికి మర్యాద తెలుసే," అన్నాడు.

సత్యవేణి కళ్ళు నిండాయి. సూర్రావు చేతులు కట్టుకుని, "ఫరవాలేదండి అన్నయ్యగారూ. కూర్చోండి. కాఫీ తాగండి," అన్నాడు. ఆ వైపు మనుషులకి కోపం పెరిగేకొద్దీ అండీలు పెరుగుతాయి. రత్నమాణిక్యానికి ఆ సంగతి తెలుసు. భూమిలోకి కుంగిపోయినట్టయింది. మొగుడి మొహాన ఉమ్మెయ్యాలన్నంత రోత పుట్టింది.

ముహూర్తం గంటలో ఉంది. ఆవిడ ఎవరినీ అడగకుండా వంటింట్లోకి వెళ్ళి పెసలు తీసి తిరగలి ముందు కూర్చుంది. భుజాలు పడిపోయేలా విసిరింది, రెండుసార్లు జల్లించింది. ఉతికి ఉతికి మెత్తబడిన తన మారుచీర నిలువునా చింపింది. ఆ రెండూ తెచ్చి చెల్లెలి ముందు పెట్టి, "నన్ను పొయ్యమంటావా, ఇంకెవరినైనా పిలుస్తావా?" అని అడిగింది.

సత్యవేణి కాసేపు ఆ చిరిగిన చీర వంక చూసింది. తర్వాత పిల్లని అక్క చేతుల్లో పెట్టింది. రత్నమాణిక్యం కాళ్ళు చాపి పిల్లని వాటి మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది. పోస్తున్నంతసేపూ ఏడ్చింది.

మర్నాడు ప్రయాణం. సూర్రావు రేవు దాకా వచ్చి ఒక మూట చేతికిచ్చాడు. తువ్వాలు, సబ్బు, పళ్ళపొడి, దువ్వెన.

"అన్నయ్యగారూ, ఇవి తమరికండీ. ఇక ముందు ఎవరింటికెళ్ళినా ఉపయోగపడతాయండి."

ఇంకొకడైతే అక్కడికక్కడే కొల్లేట్లో దూకేవాడు. కోదండరామయ్య మొహం చాటంత అయింది. దున్నపోతు మీద వాన! "చూశావా? వట్టి చేతులతో వస్తే ఎంత మర్యాదో!" అంటూ దోనెలోకి దిగి కూర్చున్నాడు. "ఎక్కవేమే?"

రత్నమాణిక్యం గట్టు మీదే నిలబడింది.

"బరువండి. తాటిదోనెలో బరువు పనికిరాదని మీరేగా అన్నారు."

"వేళాకోళమా?"

"పిల్లకి మూడో నెల వచ్చేదాకా నీళ్ళు పొయ్యడానికి ఉండమంది చెల్లెలు. ఉంటానన్నాను. మీరు చేతులూపుకుంటూ వెళ్ళండి."

నూకరాజు నవ్వు ఆపుకుంటూ గెడ వేశాడు. నాలుగు బారలు వెళ్ళాక గానీ ఆయనకి గుర్తు రాలేదు.

"ఏమే! ఇంటి తాళంచెవేదీ?"

"హోటల్లో పారేసిన సంచిలో ఉందండి," అంది రత్నమాణిక్యం. "మోసుకెళ్ళండి."