హెయిర్‌స్ప్రింగ్ సరిచేసిన చెయ్యి

వాచీ కిందపడి హెయిర్‌స్ప్రింగ్ వంగిందంటే, ఏలూరులో అందరూ దక్షిణామూర్తి కొట్టుకే వెళ్లమనేవారు. తలవెంట్రుక కన్నా సన్నని ఆ చుట్టల తీగలో ఒక చుట్ట ఇంకోదానికి తగిలితే చాలు, వాచీ పిచ్చిపట్టినట్టు ముందుకు పరిగెడుతుంది. దాన్ని సరిచేయడం అంత తేలిక కాదు. ఆ పని దక్షిణామూర్తికి రాదు కూడా. చేసేది ఆయన భార్య ఉమాకుమారి.

పెళ్లయిన కొత్తలో ఆయన పాడుచేసిన తీగ ఒకదాన్ని ఆవిడ సరదాగా సరిచేసింది. లక్షవత్తులు చేసిన వేళ్లు మరి. అప్పటినుంచి వంగిన ప్రతి తీగనూ ఆయన కాగితంలో మడిచి మధ్యాహ్నం ఇంటికి తెచ్చేవాడు. ఆవిడ ఆయనకు అన్నం పెట్టి, కిటికీ దగ్గర కూర్చుని సరిచేసి ఇచ్చేది. పేరు ఆయనకొచ్చింది. కాదనడానికి మహానుభావుడికి నోరు రాలేదు. ఆవిడా అడగలేదు.

మొన్న మాఘమాసంలో ఆవిడ పోయింది. సంవత్సరీకం కాకముందే కైకలూరు నుంచి మురళీకృష్ణ అనే కుర్ర మాస్టారు, చనిపోయిన తండ్రి వాచీ పట్టుకొచ్చాడు. పెద్దాయన చేపల చెరువు గట్టుమీద పడ్డప్పుడు, ఎనిమిదేళ్ల కిందట, ఇక్కడే బాగుచేయించిన వాచీ. ఇప్పుడు మళ్లీ చెయ్యిజారి పడిందట.

దక్షిణామూర్తి మూత విప్పి, కంటికి భూతద్దం పెట్టుకున్నాడు. ఆవిడ సరిచేసిన చోటు ఆయనకు తెలుసు. ఈసారి వంగింది సరిగ్గా దాని పక్కనే. తను ముట్టుకుంటే ఆవిడ చేసిందీ పోతుందనీ తెలుసు. కానీ నావల్ల కాదనడానికి నలభై ఏళ్ల పేరు అడ్డొచ్చింది. ట్వీజర్ పెట్టాడు. తీగ మెలికపడి విరిగింది.

ఆయనకు దుఃఖం ఆగలేదు. కుర్రాడి ముందని కూడా చూడకుండా ఏడ్చేశాడు.

"అప్పుడు బాగుచేసింది నేను కాదండీ. మా ఆవిడ. ఒక్కటని కాదు, అన్నీ ఆవిడే."

మురళీకృష్ణ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. అప్పట్లో వాచీ బాగయిందని తండ్రితో కలిసి ఈయనింటికి వచ్చి శాలువా కప్పిన రోజు అతనికి గుర్తొచ్చింది. కాఫీలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డావిడేనా అని అడిగాడు. దక్షిణామూర్తి తలూపాడు.

"మీవారి చేతిలో ఏదో మహత్తు ఉందమ్మా అని మా నాన్నగారు ఆవిడతోనే అన్నారండీ. ఆవిడ నవ్వి, అవునండీ అన్నారు."

దక్షిణామూర్తికీ గుర్తే. ఆ రోజు శాలువా సర్దుకుంటూ, ఆ మాటకు తనూ నవ్వాడు.