రెండో తీగ ఎందుకు?

మా సైన్సు సారు పోయిన శుక్రవారం సంగారెడ్డిలో కన్నుమూశారు. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే పోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నిండు బతుకే. అయినా ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. నాలుగక్షరాలు నేర్చుకున్నానంటే ఆయన చలవే.

పంతొమ్మిది వందల యాభైల్లో పటాన్‌చెరు బడిలో ఆయన మాకు విద్యుత్తు పాఠం చెప్పారు. ఆయన చదివిందంతా ఉర్దూలో, మాకు చెప్పాల్సింది తెలుగులో. పుస్తకంలో 'వలయం' అన్న మాట దగ్గర ఆగి, "ఇదేంది బిడ్డా?" అని మమ్మల్నే అడిగేవారు. మాకూ తెలియదు. "అయితే కలిసి సూద్దాం" అని షేర్వానీ జేబులోంచి దూదిలో చుట్టిన టార్చి బల్బు తీసేవారు.

ఆయన దగ్గర ఒక డబ్బా ఉండేది. అందులో ఒక బ్యాటరీ, రెండు రాగి తీగలు. ఒక తీగను మధ్యలో తెంపి, ఆ సందులో ఏది పెడితే బల్బు వెలుగుతుందో కనుక్కోమనేవారు. తాళంచెవి పెడితే వెలిగింది. నా గాజుకు వెలగలేదు, వేపపుల్లకూ లేదు. జవాబు ముందే చెప్పమంటే మాత్రం ఆయనకు కోపం వచ్చేది.

"నేను చెప్తే నమ్ముతవ్. నమ్మకు, సూడు" అనేవారు.

బల్బు ఆరిపోతే మాకంటే ఆయనకే సంబరం. ఎక్కడ తెగిందో వెతకొచ్చు కదా!

ఆ ఏడాదే మా ఊరు లక్డారంలో మా తాత నన్ను బడి మాన్పించాడు. ఆడపిల్లకు ఆపాటి చదువు చాలన్నాడు. సంగతి తెలిసి సారు సైకిల్ మీద మా మోటబావి దగ్గరికే వచ్చారు, డబ్బాతో సహా. బతిమాలలేదు. బల్బు వెలిగించి చూపించారు.

తాత వంగి చూసి, "ఒక్క తీగ సాలదా సారూ?" అన్నాడు.

సారు రెండో తీగ ఊడదీశారు. బల్బు ఆరింది. "కరెంటు గీ తీగల నుంచి బ్యాటరీకి వాపస్ పోవాలె తాతా" అన్నాను నేను.

"గదేంది? బాయి నీళ్లు మడిల వడ్డంక మళ్ల బాయికి రావు గద. కరెంటెందుకు వాపస్ పోవాలె?"

సారు నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు బిడ్డా" అన్నారు.

చెప్పలేకపోతే నా చదువు ఆ గట్టు మీదే ఆగిపోతుంది. ఎదురుగా ఎడ్లు వాలు బాటలో కిందికి నడిచి బావిలోంచి మోట బొక్కెన లాగి, మళ్లీ వెనక్కి నడుస్తున్నాయి.

"తాతా, నీళ్లను సూడకు, ఎడ్లను సూడు. కిందికి పోయి ఆడనే నిలవడితే ఇంకో బొక్కెన వస్తదా? తిరిగి రావాలె గద."

తాత తీగను తనే తగిలించాడు, తీశాడు, మళ్లీ తగిలించాడు.

సారు నవ్వారు. "కరెంటుకు ఎడ్లుండవ్ పటేల్ సాబ్. గని మీ పిల్ల సొంత బుర్రతోని సోంచాయించి చెప్పింది."

అంతే, సైకిలెక్కారు.

"సారూ, నీ డబ్బా!" అని తాత కేకేశాడు.

"ఉండనీయ్. బడికి గా డబ్బా ఒక్కటే ఉన్నది. రేపు పొద్దుగాల నీ మనవరాలితోని పంపు."

మర్నాడు మా తాతే బండి కట్టాడు. నేను డబ్బా ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. దారి పొడుగునా ఎడ్లను తోలుతూనే నా వైపు తిరిగి, "తీగ ఊడలే గద బిడ్డా?" అని అడుగుతూనే ఉన్నాడు.