నిండు గ్లాసు, నాలుగు గేర్లు

ముప్పై ఏండ్ల సంది తాటిచెట్లు, ఈదుచెట్లు ఎక్కి కల్లు గీస్తున్న మా బాపు, ఎడమచేతి మణికట్టు విరగ్గొట్టుకున్నది మాత్రం మా ఇంటి వాకిట్ల, నల్లా పైపు కాలికి తట్టుకొని. చెట్టు మీదికెల్లి పడ్డడని ఊర్లె ఎవరో పుట్టిస్తే, బాపు కాదనలేదు. ఆ కథలనే పరువు ఎక్కువ ఉంది.

మాది నంగునూరు దగ్గరి పల్లె. చెట్లు నేను చూసుకుంట అని చిన్నాయిన ముందుకొచ్చిండు. చిక్కంతా కల్లు తీస్కపోయే బండితోని, చిన్నాయినకు అది నడుపరాదు. ఎడమచెయ్యి లేకుంటే క్లచ్ లేదు, క్లచ్ లేకుంటే గేరు లేదు. ఆ ఆదివారమే సిద్దిపేటల ఒక పెద్దమ్మ ఇంట్ల ఎల్లమ్మ పండుగ. అమ్మవారి ముందట సాకగ ధార పోసే కల్లు ఏటా బాపే తీస్కపోతడు. ఒక్కసారి తప్పితే ఆ ఇంటి వాడిక ఇంకొకల పాలయితదని ఆయన రంది.

"నేను తీస్కపోత" అన్న. ఎవ్వరూ మురవలేదు. నేను గేరు మార్చినప్పుడల్లా వెనక కూసున్న అవ్వ నొసలు నా వీపుకు గుద్దుకుంటది. నా మాటకు ఆమె నొసలు తడుముకుంది.

బాపు ట్రైనింగు మొదలుపెట్టిండు. కుడిచేతిల నిండు గ్లాసు నీళ్లు పట్టుకొని వెనక కూసున్నడు. తొణికితే నా వీపు మీదనే. మొదటి దినం అంగీ పిండుకొని ఆరేసిన.

నేను గూడ తక్కువ తినలేదు. ఫోన్ల వీడియోలు చూసి బాపుకే పాఠం చెప్పిన. "లోపల గేర్ల పండ్లు ఎప్పుడూ ఒకదాన్నొకటి పట్టుకొనే ఉంటయి బాపూ. మనం తొక్కంగనే ఒక కొక్కెం జరిగి, ఒక జతను ఇరుసుకు కట్టేస్తది. మిగిలినయి ఉత్తగ తిరుగుతయి. క్లచ్ పట్టుడంటే ఇంజన్ బలాన్ని జరసేపు పక్కకు తప్పించుడు."

బాపు మొత్తం విన్నడు. "మంచిగ చెప్పినవ్. పో, గ్లాసు మల్ల నింపుకరా."

రెండో దినం ఆయన చెప్పిండు. "క్లచ్ చెయ్యి కాలినట్టు ఇడుస్తవేందిరా? మెల్లగ. పై గేరుకు పోయేటప్పుడు రేసు తగ్గియ్యి. కింది గేరుకు వచ్చేటప్పుడు ఉల్టా, జర రేసు ఇచ్చి ఇడువు. చక్రం ఉరుకుతుంటది, ఇంజన్ నిమ్మలంగ ఉంటది. దాన్ని లేపకుండ కట్టేస్తే గుంజదా మరి?"

వీడియోల్ల ఇదే ముచ్చట చెప్పనీకె అరగంట పట్టింది.

మూడో దినం వీపు తడవలేదు. బాపు ఆ గ్లాసుల నీళ్లు తాగి, "పో ఇగ" అన్నడు. పట్టాభిషేకం అయిపోయింది.

ఆదివారం పొద్దుగాల కల్లు క్యానును వెనక సీటుకు కట్టిన్రు. బాపు మూత వదులుగ పెట్టి మీద బట్ట చుట్టిండు. "బిగియ్యకు. కల్లు పొంగుతుంటది, ఊపిరి పీల్చుకోవాలె."

తొవ్వంతా గేరు పడ్డట్టే తెల్వలేదు. అంత మంచిగ నడిపితే చూసేటోడు ఒక్కడూ లేడు. సిద్దిపేట చొరంగనే ముంగట ఒక ఆటో దబ్బున ఆగింది. నాలుగుకెల్లి రెండుకు దించిన. చుక్క తొణకలేదు. అయినా ముందటున్న గతుకుల గల్లీలు యాదికొచ్చినయి. బండి పక్కకు ఆపి మూత గట్టిగ బిగిచ్చిన. మూడు దినాల చదువు మీద నాకున్న నమ్మకం గంతే.

గల్లీలల్ల గూడ కుదుపు లేకుండ నడిపి, పెద్దమ్మ గడప ముందట దిగిన. "చుక్క తొణకలే పెద్దమ్మా" అనుకుంట మూత తిప్పిన.

ఢాం అని మూత ఎగిరింది. నురుగు దర్వాజ దాక లేచి, సగం నా మీద, సగం పెద్దమ్మ పట్టుచీర మీద పడ్డది. డప్పు కొట్టేటాయన గూడ కొట్టుడు ఆపిండు.

పెద్దమ్మ కొంగుతోని మొఖం తుడుచుకొని క్యానులకు వంగి చూసింది. "సగం ఉన్నది. అమ్మకు సరిపోతది, మొగోళ్లకే తక్కువయితది." అరుగు మీద కూసున్నోళ్ల మొఖాలు చిన్నబోయినయి. ఆమె నా దిక్కు తిరిగింది. "మీ బాపు తెచ్చినన్నాళ్లు గిట్ల కాలే బిడ్డా. వచ్చే ఏడు గూడ మీ కల్లే. గని మీ బాపునే రమ్మను."

ఇంటికి పోంగనే బాపు అడిగిండు. "తొణికిందా?"

"తొవ్వల చుక్క తొణకలే."

ఆయన నా అంగీ దిక్కు చూసిండు. ఈసారి ముంగట తడిసి ఉంది. "మూత బిగిచ్చినవా?"

"వచ్చే ఏడు నువ్వే రావాల్నట" అన్న.

చెయ్యి విరిగినంక బాపు నవ్వుడు అదే మొదలు.