మిగులు గుడ్డకు పన్ను

మా మరిది దర్జీ. మా ఇంటి ముందు గదే అతని కొట్టు. తలుపు తీస్తే రోడ్డు, వెనక్కి తిరిగితే నా వంటిల్లు, మధ్యలో కుట్టుమిషను. ఆ చప్పుడు వింటూనే నేను ముసలిదాన్నయ్యాను. ఇప్పుడా గదిలో ఎవరో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. చప్పుడన్నదే లేదు. మధ్యాహ్నం కునుకు తీద్దామంటే ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చేస్తోంది.

మరిది సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మెడలో టేపుతో ఉండేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకయ్యా అంటే, "ఒక్క వదిన నోటికే జడిసి చస్తున్నాను, ఇంకో ఆడమనిషి కూడానా?" అనేవాడు. నేను ఊరుకుంటానా? "ముందు ఆ పేలికలు తియ్యి నాయనా, వచ్చే పిల్లకి కాలు పెట్టడానికి చోటుండాలి కదా!" అనేదాన్ని.

పేలికలంటే చొక్కాలు, కోట్లు కత్తిరించాక మిగిలిన ముక్కలు. "మీ గుడ్డ మిగిలింది, పట్టుకెళ్లండి" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఎవరూ పట్టుకెళ్లేవాళ్లు కాదు. రంగుకి రంగు జత చూసి, వాటితో వీధిలో పిల్లలకి గౌన్లూ లాగులూ కుట్టి ఊరికే ఇచ్చేసేవాడు. సాయంత్రం పిల్లలు ఆడుకుంటుంటే ఏ ముక్క ఎవరిదో నేను ఇట్టే చెప్పేసేదాన్ని. బ్యాంకు మేనేజరు గారి ప్యాంటు తాడాట ఆడుతుంటే, పంతులుగారి కోటు బురదలో దొర్లుతుండేది.

పన్ను ఆఫీసువాళ్లు మాకు కొత్తేమీ కాదు. ఆ రోజుల్లో ఒకాయన గొడుగేసుకుని వచ్చేవాడు. ముందు తన కార్డు చూపించేవాడు. తర్వాత కాగితం ఇచ్చి, ఏ సంగతికి ఎంత కట్టాలో ఇంట్లో అందరికీ వినపడేలా చదివేవాడు. గడువు ఇచ్చేవాడు. ఒకసారి మరిది డబ్బు చేతిలో పెట్టబోతే నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగాడు.

"నా చేతికివ్వకండి. ఆఫీసులో కట్టి రసీదు తీసుకోండి. లెక్క తప్పనిపిస్తే రాసి పెట్టండి, మళ్లీ చూస్తాం."

నేనిచ్చిన టీ కూడా ముట్టుకోలేదు. ఆ మాత్రం టీకి ఏం కొంప మునుగుతుందో! నాకైతే ఆయన నచ్చలేదు. మరిది మాత్రం ఆయన కనిపిస్తే మిషను ఆపి లేచి నిలబడేవాడు.

ఏళ్లు గడిచాయి. గొడుగాయన రావడం మానేశాడు, మరిదికి కళ్లల్లో శుక్లాలొచ్చాయి. ఎర్రదారమో, నల్లదారమో నన్నే అడిగేవాడు. ఆపరేషనుకని కుట్టుకూలిలోంచి మిగిల్చి బ్యాంకులో వేసుకున్నాడు. అదొక్కటే అతని ఆస్తి. కళ్లు పోయాక దర్జీకి ఇంక చేతులుండి ఏం లాభం?

ఒక మధ్యాహ్నం ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఫోను మీద అరచెయ్యి మూసి, "వదినా, వీళ్లు చెప్పే అంకెలు కాస్త నొక్కి పెట్టు, నా కళ్లకి ఆనడం లేదు. ఎందుకని మాత్రం అడక్కు" అన్నాడు.

"ఎందుకు?"

"ఎవరికీ చెప్పొద్దన్నారు."

"ఎవరన్నారు?"

"పన్ను ఆఫీసువాళ్లు. నేను చూపించని ఆదాయం ఉందట. ఇప్పటికిప్పుడు డబ్బు పంపకపోతే పోలీసులొస్తారట."

"నీకు దాచేంత ఆదాయమా? నాకు తెలీకుండా ఎక్కడ పూడ్చిపెట్టావయ్యా?"

గొంతు తగ్గించాడు. "గౌన్లు, వదినా. జనం గుడ్డ ఇన్నేళ్లూ వాడేసుకున్నాను. వాళ్లకెలా తెలిసిపోయిందో!"

నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వాడెవడో చీకట్లో రాయి విసిరాడు, మా పిచ్చిమారాజు ఎదురెళ్లి తల అడ్డం పెట్టాడు. కానీ ఎవరికీ చెప్పొద్దన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. గొడుగాయన ఇంటిల్లిపాదికీ చదివి వినిపించి పోయేవాడే! ఫోను లాక్కున్నాను.

"బాబూ, నేను అతని వదినని."

"ఫోను ఆయనకివ్వండి. మధ్యలో మీరెవరు?"

"చెప్పాగా, వదినని. రేపు పొద్దున మీ ఆఫీసుకే వచ్చి కడతాం. రసీదు రాసి ఉంచండి."

"ఆఫీసుకి రావడాల్లేవు! నేను చెప్పిన నంబరుకి ఇప్పుడే పంపాలి. ఫోను పెట్టేశారో, అరెస్టే!"

"పొయ్యి మీద పాలున్నాయి నాయనా, పొంగితే నువ్వొచ్చి తుడుస్తావా?" అని పెట్టేశాను.

"ఎంత పని చేశావు వదినా!" అని మరిది నెత్తి పట్టుకున్నాడు. తర్వాత ఏం చేశాడనుకున్నారు? ఇస్త్రీపెట్టె వేడిచేసి మంచి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. "దర్జీవాణ్ణి నలిగిన చొక్కాతో తీసుకెళ్తే పరువేముంటుంది?" అన్నాడు. మెడదాకా గుండీలు పెట్టుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫోను మోగుతూనే ఉంది, నేను తియ్యనివ్వలేదు. పోలీసులు రాలేదు గానీ ఎదురింటావిడ వచ్చింది. "ఏంటి, ఈ వయసులో పెళ్లిచూపులా?" అంది.

మర్నాడు గొడుగాయన రోజుల్లో కట్టిన పన్ను తాలూకు పాత రసీదు వెతికి, దాని మీద అచ్చేసిన ఆఫీసుకి వెళ్లాం. కిటికీ దగ్గరున్న అమ్మాయి కంప్యూటరులో చూసింది.

"మీ పేరు మీద బాకీ ఏమీ లేదు తాతగారూ. మేమిలా ఫోను చేసి, అరెస్టు చేస్తామని బెదిరించి డబ్బు పంపమనం. వాళ్లు దొంగలు. పోలీసులకి చెప్పండి."

ఇంక రమ్మంటే మరిది కదిలితేనా! కిటికీ ఊచలు పట్టుకుని, ఎవరి కోటు ఏ పిల్లకి గౌనైందో మొదలుపెట్టాడు. వెనకాల జనం గొణుగుతున్నారు. ఆ అమ్మాయి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది.

"అమ్ముకున్నారా?"

"ఛ ఛ! ఊరికే ఇచ్చానమ్మా."

"మరింక పన్ను దేనికి? ఇంటికెళ్లి కుట్టుకోండి."

బయటికొచ్చి మెట్ల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా కళ్లు తుడుచుకున్నాడు.

ఆ డబ్బు చేరాల్సిన చోటికే, కళ్లాసుపత్రికే చేరింది. కట్టు విప్పిన రోజు నన్ను ఎగాదిగా చూశాడు.

"వదినా, ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావు? ఒక్కమాట చెప్పలేదే!"

"నీతో వేగి వేగి అయ్యాన్లే."

"అది సరే, ఆ భుజం మీద కుట్టేంటి, అంత వంకరగా ఉంది? ఎవడా దర్జీ?"

"నువ్వే!"

ఇంటికొచ్చాక ఆ కుట్టు విప్పేసి మళ్లీ కుట్టాడు. ఇప్పుడా రవిక మిగతాచోట్లంతా చివికిపోయింది. భుజం దగ్గర మాత్రం చెక్కుచెదరలేదు.