ముల్లు ఎత్తినా ఆగని పాట

కిందటి వేసవిలో కడియంలో మా బాబాయి షష్టిపూర్తి. ఆయన పెళ్లికి మైకుసెట్టు పెట్టిన మా నాన్నగారు ఇప్పుడు లేరు. ఆ పెళ్లిలో ఆయన వేసిన రికార్డునే డీజేకి ఇచ్చాను. "ఒరిజినలే వేస్తానండి" అన్నాడు.

రెండో చరణంలో గీత పడిన చోట ఆ రికార్డు ఒకే మాట రెండుసార్లు అంటుంది. మా ఇంట్లో అందరం అలాగే పాడతాం. షష్టిపూర్తిలోనూ అలాగే పాడాం. పాట మాత్రం ఆగకుండా ముందుకెళ్లిపోయింది.

ఒళ్లు మండి, స్టేజీ ఎక్కి తిరుగుతున్న రికార్డు మీంచి ముల్లు ఎత్తేశాను. పాట ఆగలేదు! ల్యాప్‌టాప్‌లోంచి వస్తోంది.

"గీతలు లేని కాపీ అండి, క్లియర్‌గా ఉంటుందనీ..." నసిగాడు.

"క్లియర్ పాట నా ఫోన్లోనూ ఉందయ్యా! మరి మా రికార్డు ఉత్తినే తిప్పడం దేనికి?" అని అరిచి ల్యాప్‌టాప్ మూసేశాను.

ఆ గీత బాబాయి పెళ్లిపందిట్లో మా నాన్నగారి చెయ్యి తగిలి పడింది. దాన్ని తీసేసి పాట వినిపిస్తే కోపం రాదా, మీరే చెప్పండి!