పసుపు కురిసిన డేరా

ఆ రోజుల్లో పులివెందులలో పెళ్ళికానివాడికి ఉద్యోగమైనా దొరికేది గానీ ఇల్లు దొరికేది కాదు. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. నేను చెప్పేవి నమ్మకపోవడం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటే గనుక నేనూ పెద్దగా నొచ్చుకోను. కానీ ఇది మాత్రం నిజం (ఎక్కడైనా కాస్త అటూ ఇటూ అయితే అది జ్ఞాపకం తప్పు, నాది కాదు). ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన కాలం. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఇంటికోసం ఊరంతా తిరిగాను. ప్రతి గడప దగ్గరా ఒకటే వరస. ముందు ఏ ఊరని అడుగుతారు, తర్వాత ఎవరి కొడుకువని అడుగుతారు, ఆ తర్వాత "సంసారాన్ని ఎప్పుడు పిల్చుకొస్తావు?" అంటారు. సంసారం ఇంకా లేదనగానే లోపలినుంచి గడియ పడేది. పోనీ పెళ్ళి చేసుకుందామంటే, పిల్లనిచ్చేవాళ్ళు ముందు అడిగేది కాపురం ఎక్కడ పెడతావనే. ఇల్లు కావాలంటే పెళ్ళాం ఉండాలి, పెళ్ళాం కావాలంటే ఇల్లుండాలి. ఈ చిక్కుముడి ఏ కొసనుంచి విప్పాలో తెలియక సత్రం అరుగు మీద రేకుపెట్టె తలకింద పెట్టుకుని పడుకునేవాణ్ణి.

చివరికి ఊరి బయట చీనీతోట (బత్తాయి తోట) ఉన్న ఒక పెద్దాయన కాస్త కరిగాడు. ఆయన్ను ఊరంతా తోటమామ అనేది, నేనూ అదే వరస కలుపుకున్నాను. "ఇంట్లో రూము మాత్రం ఇయ్యను అబ్బీ. ఆడపిల్లలుండే కొంప. తోట గట్టున జాగా శానా ఉండాది, ఏమన్నా ఏసుకుంటే ఏసుకో" అన్నాడు. ఈ సంగతి ప్రొద్దుటూరులో మా నాయన చెవిన పడింది. ఆయన సంతోషం చూసినవాళ్ళెవరైనా నాకు ప్రమోషన్ వచ్చిందనుకునేవాళ్ళు. ఎందుకంటే మా ఇంట్లో ఒక డేరా ఉండేది.

డేరా అంటే పెళ్ళిపందిరి గుడ్డ అనుకునేరు. పెద్ద యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు మద్రాసులో సామాను వేలం వేస్తే, బట్టల వ్యాపారం పని మీద వెళ్ళిన మా నాయన, బట్టలు మరిచిపోయి దాన్ని కొనుక్కొచ్చాడు. ఖాకీ కాన్వాసు, రెండు పొరలు, నడుమ రెండు టేకు గుంజలు, చుట్టూ ఇనుప మేకులు, గుడ్డతోనే కిటికీలు. స్టేషన్ నుంచి దాన్ని లాగిన ఎద్దులు ఆ తర్వాత మా వీధిలోకి రానన్నాయి. ఎండాకాలం వస్తే పెన్న ఇసుకలో దాన్ని వేసుకుని, మా అమ్మ, జేజి (మా నాయనమ్మ), మేమంతా మకాం పెట్టేవాళ్ళం. జేజి వంటసామానుతో సహా వచ్చేది. మా నాయన మాత్రం గుంజను ఆనుకుని, కోట కట్టించిన వాడిలా కూర్చునేవాడు. ఆ డేరాకు ఆయన పెట్టిన చట్టం ఒక్కటే: వాన పడేటప్పుడు లోపలినుంచి గుడ్డను వేలితో ముట్టుకోకూడదు. ముట్టుకోకపోతే చుక్క దిగదు. ముట్టుకుంటే మాత్రం వేలు పెట్టినచోట ధార కడుతుంది.

మధ్యలో ఒక ఏడు దువ్వూరులో మా మేనత్తవాళ్ళు పసుపు ఆరబోసుకుని, కుప్పల మీద కప్పడానికి ఆ డేరా అడిగి తీసుకుపోయారు. తిరిగి వచ్చేటప్పటికి రెండు పొరల నడుమ పసుపు పొడి చేరి ఉంది. "దులిపితే పోతాది" అన్నాడు మా నాయన. దులిపాం. మేం పచ్చబడ్డాం గానీ అది పోలేదు. ఆ డేరానే ఇప్పుడు పులివెందుల వచ్చింది. నేల కింద అంతా రాయి కావడంతో, ఒక్కొక్క మేకుకూ గడ్డపారతో గుంత తీసి దిగేసే సరికి నా అరచేతులు పొక్కిపోయాయి. నామోషీగా ఉందని గొణిగితే మా నాయన, "రాజధాని కర్నూల్లో సర్కారే డేరాల్లో కూచోని రాజ్యం ఏలుతాంది. గుమాస్తాగానివి, నీకేందిరా నామోషీ?" అన్నాడు. అలా నా కాపురం మొదలైంది. రోజూ నిద్ర లేస్తే పేరంటంలో లేచినట్టుండేది వాసన. తెల్లచొక్కాల భుజాలు లేత పసుపుగా మారాయి. వాన మాటంటారా, పులివెందులలో వాన గురించి భయపడేవాణ్ణి ఊళ్ళో పిచ్చివాడనేవాళ్ళు.

ఇంతలో జమ్మలమడుగు సంబంధం వచ్చింది. పెళ్ళిచూపులకు మా నాయనతో వెళ్ళాను. ఆ అమ్మాయి వక్కాకుల పళ్ళెం తెచ్చి పెట్టి, లేవబోతూ నా భుజం మీది పసుపు మరక చూసింది. నవ్వు వచ్చింది. పెద్దవాళ్ళున్నారని పెదవి బిగించి ఆపుకుంది. ఆ ఆపుకున్న నవ్వు మిగతాది ఎలా ఉంటుందో చూడకపోతే ఇక బతుకెందుకనిపించింది నాకు (ఇరవై రెండేళ్ళ వయసులో ఇలాంటివి ఆలోచించడానికి ఖర్చుండదు). పిల్ల తండ్రి గొంతు సవరించుకుని, "అబ్బాయి ఉండే ఇల్లు ఎట్లాంటిది?" అని అడిగాడు. మా నాయన తడుముకోలేదు. "శానా గట్టిది. నాలుగు పక్కలా గాలి. మద్రాసు నుంచి తెప్పిచ్చినా. గుంజలు టేకువి." తెల్లముఖం పెట్టిన ఆ పెద్దాయన, దూలాలు వగైరా మద్రాసు నుంచి తెప్పించి మిద్దె కట్టించారనుకుని, తలాడించాడు. మా నాయన అబద్ధం ఒక్కటీ ఆడలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. లేచేముందు పిల్ల తండ్రి, "మంచిది. ఇంగ ఇల్లు చూసి ఖాయం చేసుకుందాం" అన్నాడు. ఇల్లు చూడకుండా పిల్లనిచ్చే ఆచారం మా పక్క ఎవరికీ లేదు.

వాళ్ళు వచ్చే రోజుకు మా నాయన షాపులో సరుకు దిగిందని రాలేకపోయాడు. బస్సు దిగి ఇద్దరు వచ్చారు: కాబోయే మామ, ఆయన తల్లి. ఆ అవ్వ నుదుట రూపాయంత బొట్టు, కాళ్ళకు మట్టెలు. అవ్వ మాటకు ఎదురు చెప్పలేక అలిసిపోయిన తాత, ఇంటిదగ్గరే ఉండిపోయాడట. తోట గట్టు దాకా వచ్చి మామ నిలబడ్డాడు.

"ఇల్లు యాడుండాది?"

"ఇదే మామా."

ఆయన డేరా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు, వెనక ఇల్లేమన్నా దాక్కుందేమోనని. "మద్రాసు నుంచి తెప్పిచ్చిండేది?"

"ఇదే."

"టేకు గుంజలు?"

లోపలికి చూపించాను. ఆయన తల లోపలికి పెట్టి గుంజలు చూసి, వెనక్కి తీసుకున్నాడు. అప్పటికే అవ్వ లోపలికి వెళ్ళి నా మంచం మీద కూర్చుని చెంబెడు నీళ్ళు తాగేసింది. "మా పిల్లను గుడ్డకిందికి పంపేది ల్యా. లెయ్యిమ్మా, పోదాం" అన్నాడు మామ. ఆయన గొంతులో కోపం కూడా లేదు. తేలిపోయిన విషయం చెప్పే గొంతు అది. "బస్సు సాయంత్రం గదప్పా. అందాకా ఎండలో ఏం జేస్తావు? లోపలికి రా" అంది అవ్వ. ఆయన రాలేదు. గొడుగు చంకలో పెట్టుకుని చీనీచెట్టు నీడన మాకు వీపు చేసి నిలబడ్డాడు. జమ్మలమడుగు అరుగు మీద ఆగిపోయిన నవ్వు ఇక అక్కడే ఉండిపోతుందని నాకు అర్థమైంది.

అప్పుడు పడమట మబ్బు లేచింది. పులివెందులలో మబ్బులు ఊరికే చూసిపోవడానికి వస్తాయి గనుక ఎవరూ లెక్కచేయలేదు. ఆ రోజు మాత్రం కురిసింది. ఎంత కురిసిందంటే, (ఇక్కడ మా ఆవిడ నన్ను ఎప్పుడూ ఆపుతుంది) చీనీకాయలు వంకలో పడి దేవుడి ఊరేగింపులా సాగిపోయాయి. మామ గొడుగు వెనక్కి తిరగబడింది. ఆయన డేరాలోకి దూరాడు. ఆయన వెనకే తోటమామ, ఆయన భార్య, పిల్లలు, అన్నం కుండ, ఒక మేకపిల్ల. వాళ్ళ మట్టిమిద్దె ఆరుచోట్ల కారుతోందట. కారకుండా మిద్దె మీద చౌడుమట్టి పోయించడం ఈ ఏడు మరిచిపోయామని, వాన వస్తుందని ఎవరనుకున్నారని తోటమామ అందరికీ సంజాయిషీ చెప్పాడు. లోపల మాత్రం చుక్క లేదు. ఆ హోరులో మా నాయన కోట నిలబడింది.

మామకు అది నచ్చలేదు. కొనేవాడు కుండను కొట్టి చూసినట్టు, పైకి చెయ్యెత్తాడు. "ముట్టుకోవద్దు మామా" అన్నాను. "ఎందుకు ముట్టుకోగూడదు? గోడైతే తట్టి చూడమా?" అని వేలితో పొడిచాడు. పొడిచినచోట నుంచి సన్నగా, ముదురు పచ్చగా, ధార ఆయన బట్టతల మీద పడి, ముక్కు పక్కన జారి, చలువ పంచె మీదికి దిగింది. రెండు పొరల నడుమ అన్నాళ్ళు దాక్కున్న దువ్వూరు పసుపు ఆ రోజు బయటికొచ్చింది. ఇది ఒక్కచోటేనా అన్ని చోట్లానా అని ఆయన ఇంకోచోట పొడిచాడు. అది తోటమామ మీద పడింది. "ఆపప్పా సామీ. నువ్వు పరీచ్ఛ జేసే కొద్దీ మేం తడుస్తాండాం" అన్నాడు తోటమామ. మేకపిల్ల అప్పటికే పసుపుపచ్చగా ఉంది.

అప్పుడు అవ్వ కలగజేసుకుంది. తోటమామ భార్యను చూసి, "ఈ అబ్బీకి మీరు ఇల్లియ్యలేదంట గదా?" అని అడిగింది. ఆమె తల వంచుకుంది. "ఇల్లియ్యనోళ్ళను ఈడు ఇంట్లోకి పిలిచినాడు, సూస్తివా?" అని అవ్వ కొడుకుతో అంది. (నేను పిలవలేదు, వాళ్ళే దూరారు. కానీ అలాంటి సమయంలో సరిదిద్దడం మర్యాద కాదు.) "అబ్బీ, ఇట్లా వచ్చి నా ముందర కూచో" అంది. కూర్చున్నాను. అవ్వ మంచం మీద లేచి నిలబడి, నా నెత్తికి సరిగ్గా పైన, నిదానంగా, తెలిసి తెలిసి, అరచెయ్యంతా గుడ్డకు ఆనించింది. చల్లగా పడింది. కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి చొక్కా, చేతులు, ఒడి అంతా పసుపు.

"మామకు పడె, అల్లునికి పడె" అంది అవ్వ, మంచం దిగుతూ. "ముత్తైదువ చేత్తో పసుపు పడినాక పిల్లోన్ని ఇడిచిపెట్టి యాడికి పోతావు నాయనా? లే, బస్సు టైమయింది."

మామ ఏదో అనబోయాడు గానీ ముఖం నిండా పసుపు పెట్టుకుని కోపంగా మాట్లాడడం ఎంత కష్టమో ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. మిగతాది బస్సు చేసింది. ఎక్కినవాడల్లా ఆయన్ను చూసి, "ఏం మామా, పెండ్లి యాడ? ఎవరి పిల్ల?" అని అడగడమే. ముద్దనూరు దాకా కాదూ కాదని చెప్పాడట. ముద్దనూరు దాటాక నోరు నొప్పి పుట్టి, "మా పిల్లదే" అన్నాడట.

పెళ్ళయ్యాక పులివెందులలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. తోటమామే స్వయంగా వచ్చి, "ఇప్పుడు రూము ఇస్తా, రాండి" అన్నాడు. కొత్త పెళ్ళికూతురు డేరా గుమ్మంలో నిలబడి, "మీ మిద్దె కారతాది గదా మామా" అని నవ్వేసింది. మిగతా నవ్వు అంతా అప్పుడు చూశాను. ఆ ఏడాదంతా డేరాలోనే ఉన్నాం. మళ్ళీ వాన పడలేదు.

ఇప్పుడు ప్రొద్దుటూరులో సిమెంటు మిద్దె కట్టుకున్నాం. మా నాయన లేడు, అవ్వ లేదు. మొన్న అటకమీది నుంచి డేరా దింపి ఎండబెడదామని మిద్దెమీద కట్టాను. ఎండ రాలేదు, వాన వచ్చింది. నేను కిందికి దిగకుండా గుంజను ఆనుకుని కూర్చున్నాను. కాసేపు చట్టాన్ని గౌరవించి, తర్వాత వేలు పెట్టాను. మా మామకున్నట్టే ఇప్పుడు నాకూ ఉన్న బట్టతల మీదనే పడ్డాయి, ఉత్త నీళ్ళు. ఇంకోచోట పెట్టాను. అక్కడా నీళ్ళే.

మెట్ల మీదినుంచి మా ఆవిడ, "వానలో ఏం జేస్తాండారు ఆడ?" అంది.

"పసుపు అయిపోయినట్టుంది" అన్నాను.

ఆమె తడుస్తూనే లోపలికి వచ్చి, నా పక్కన చాప మీద కూర్చుని, పైకి చూసింది. "మా అవ్వ ఊరికే పోతాదా? ఆ పొద్దే అంతా మీ నెత్తిన వంచేసిపాయె" అంది. చెయ్యి మాత్రం పైకెత్తలేదు. మా నాయన చట్టం ఈ ఇంట్లో పాటించేది ఆమె ఒక్కతే.